ఎర్రకోతి ప్రయాణం

జంజిబార్ దీవిలో షేక్ ఇద్రీసు అనే సూఫీ గురువు ఉండేవారు. ఆయన ఆశ్రమానికి వచ్చేపోయే వాళ్ళకి వండిపెట్టే పని శిష్యుడు మకామెది. పొయ్యిలోకి కావలసిన బొగ్గులు కూడా అతనే కాల్చుకునేవాడు.

ఆ బొగ్గుల మీద కోతుల కన్ను పడింది. మామూలు కోతులు కావవి. వీపున ఎర్రటి బొచ్చు, నల్లటి మొహం చుట్టూ రేగిన తెల్లజుట్టు, చూడ్డానికి ఎంత అందమో! లోకమంతా గాలించినా ఆ దీవి దాటి కనబడవు. అక్కడా కాసినే మిగిలాయి. బాదం ఆకులు, మామిడి ఆకులు కడుపునిండా తిని, అవి లోపల బాధ పెట్టకుండా పైన ఇంత బొగ్గు నములుతాయి. ఏ వైద్యుడు చెప్పాడో వాటికి! తల్లిని చూసి పిల్ల నేర్చేసుకుంటుంది.

మకామెకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. రోజూ బట్టీ ఖాళీ, అతిథులకి అన్నం ఆలస్యం. ఓ ఉదయం బొగ్గులు ఎర వేసి ఒక తల్లికోతిని బుట్టలో పట్టేశాడు. మూత తాడుతో బిగించి పడవ దగ్గరికి మోసుకుపోతుంటే గురువుగారు ఎదురయ్యారు.

“సముద్రానికి అవతల వదిలేస్తానండీ. అక్కడి అడవులు ఇంతకంటే పెద్దవి. దీన్ని దింపి వచ్చి, మిగతావాటినీ ఒక్కొక్కటిగా చేరవేస్తాను,” అన్నాడు మకామె.

“దారిలో ఏం తింటుంది?”

“మగ్గిన మామిడిపళ్ళు పెట్టానండీ. ముట్టడం లేదు.”

మగ్గిన పండు వాటికి అరగదని అతనికి తెలియదు.

గురువుగారు అడవిలోకి వెళ్ళి బాదంకొమ్మ ఒకటి తెచ్చి బుట్టలో దూర్చారు. కోతి గబగబా నమిలింది. ఆయన మళ్ళీ వెళ్ళారు. ఈసారి ఓ బాదంమొక్కని వేళ్ళతో, మట్టితో సహా తెచ్చి పడవలో పెట్టారు. తర్వాత మామిడిమొక్క. ఆ తర్వాత మడచెట్ల కొమ్మలు, ఓ బస్తా బొగ్గు. ముసలాయన మోస్తుంటే చూడలేక మకామె కూడా చెయ్యి వేశాడు. ఎందుకని అడిగే ధైర్యం లేదు.

ఒడ్డున చెట్ల మీద గుంపంతా చేరి గోల పెడుతోంది. అందులో పిల్ల ఒకటి కీచుమన్నప్పుడల్లా బుట్టలోంచి తల్లి బదులు పలుకుతోంది. గురువుగారు ఇంకో మొక్క తెచ్చారు. పడవ అంచు నీళ్ళకి ఆనింది.

“చాలండీ గురువుగారూ! మునిగిపోతుంది!”

ఆయన చెమట తుడుచుకున్నారు.

“దాని ఇల్లు ఇంకా సగం కూడా ఎక్కలేదు నాయనా.”

మకామె చెట్ల వైపు చూశాడు, బుట్ట వైపు చూశాడు. బుట్ట తాడు విప్పి మూత తీశాడు.