రోజుకు ఆరువేల అడుగులు నడిచిన ఇల్లు

పెదగెడ్డపేటలో తెలివైన కుటుంబం ఏదని అడిగితే పొట్నూరు వారిదేనని అందరూ చెబుతారు. అందరూ అంటే పొట్నూరు వాళ్ళు ముగ్గురూ. ఇంటి పెద్ద లచ్చుంనాయుడు, భార్య అసిరమ్మ, తమ్ముడు గవర్రాజు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం.

లచ్చుంనాయుడికి షుగరొచ్చింది. నడవకపోతే నెల తిరిగేసరికి రోజూ సూది తప్పదన్నాడు డాక్టరు. సూది పేరు వింటేనే లచ్చుంనాయుడికి కాళ్ళూ చేతులూ ఆడవు.

అప్పుడే పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. అడుగులు లెక్కపెట్టే యాప్ ఫోన్లో ఉంటే జనం ఎక్కువ నడుస్తారా లేదా అని ఆవిడ పరీక్ష. అన్నకు ఫోనిచ్చి, "రోజుకు ఆరువేల అడుగులు. అవగానే గంట కొడుతుంది. అంతవరకు చాలు" అంది. తమ్ముడికి ఇవ్వలేదు. "నువ్వు ఇప్పుడెలా ఉన్నావో నెలంతా అలాగే ఉండు. ఏమీ మార్చకు" అని వెళ్ళిపోయింది.

ఇంకేముంది. అప్పటికి గవర్రాజు రోలు మీద కూర్చుని, చొక్కా ఒక చెయ్యే తొడుక్కుని, అరటిపండు నములుతున్నాడు. అలాగే ఉండిపోయాడు.

"మరి అన్నం తింటే మారినట్టు కాదేటి?" అంది అసిరమ్మ.

"మేడమ్ సూసినప్పుడు నములుతున్నాను కదా వదినా. నమలొచ్చు."

మొదటి రోజు లచ్చుంనాయుడు నడుస్తూ నడుస్తూ ఇటుకల బట్టీ దాకా వెళ్ళాడు. గంట కొట్టింది. అంతే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. అసిరమ్మ తను కూరగాయలమ్మే తోపుడు బండి తెచ్చి, మొగుణ్ణి ఎక్కించి ఇంటికి తోసుకొచ్చింది. దిగాలంటే అడుగు వెయ్యాలి కాబట్టి ఆయన బండిలోనే పడుకున్నాడు.

రెండో రోజు తెలివి చూపించారు. బండిలో బట్టీ అవతల దింపితే నడిచి ఇంటికే వస్తాడు కదా. వచ్చాడు. కానీ దగ్గరిదారిన వచ్చాడేమో, ఇంకా మూడొందల అడుగులు మిగిలాయి. వీధి గుమ్మంలో దూరి, పెరటి గుమ్మంలో బయటపడి, పక్కింటివాళ్ళ పెంటకుప్ప మీద ఆగాడు.

లచ్చుంనాయుడు అక్కడే నిలబడి ఆలోచించాడు. "ఒలే, నా నడకలో తప్పు నేదు. ఇల్లే ఉండాల్సిన సోట నేదు."

అంతే. మూడో రోజు నుంచి గంట ఎక్కడ కొడితే అక్కడికి కాపురం మార్చారు. బండి మీద మంచం ఒక తిరుగు, పొయ్యీ గిన్నెలూ ఒక తిరుగు, రోలు ఒక తిరుగు.

"నన్ను జరిపితే మారినట్టు కాదేటి వదినా?"

"నిన్నెవుడు జరిపాడు? రోలు జరిపాను."

నెలయ్యేసరికి కాపురం మూడు మండలాలు దాటి, పట్నంలో పెద్దాసుపత్రి ఎదుట ఆగింది. మేడమ్ వెతుక్కుంటూ వచ్చి ఫోన్ చూసింది. రోజుకు సరిగ్గా ఆరువేలు. ఫోన్ లేని తమ్ముడు సున్నా. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నువ్వేమైనా నడిచావా అమ్మా?" అని మాటవరసకు అడిగింది.

"నన్ను నడమని ఎవుళ్ళు సెప్పారమ్మా? బండి తోసుకుంటూ తిరిగాను, అంతే."

మేడమ్ రాసుకున్నదంతా కొట్టేసింది.

ఎదుటి ఆసుపత్రిలో డాక్టరు లచ్చుంనాయుణ్ణి బరువు తూచే మిషన్ ఎక్కించి, నాలుక చాపమన్నాడు. రక్తపరీక్ష కాగితం చూసి, "బాగా తగ్గింది. సూది అక్కర్లేదు. ఇప్పుడెలా ఉన్నావో అలాగే ఉండు" అన్నాడు.

ఇంకేముంది. లచ్చుంనాయుడు నాలుక లోపల పెట్టలేదు. సూది తప్పిందన్న సంతోషంతో కళ్ళవెంట నీళ్ళు మాత్రం కారాయి.

"మొదటి వారమే కష్టం అన్నియ్యా," అన్నాడు నెల తీరి అప్పుడే రోలు దిగిన గవర్రాజు, అనుభవంతో.

ఇద్దరూ కలిసి లచ్చుంనాయుణ్ణి మిషన్‌తో సహా బండికెత్తారు. "మిషన్, నా మిషన్" అంటూ డాక్టరు వెనకాలే పరుగెత్తాడు. రెండు వీధులు దాటాక డాక్టరు జేబులో ఫోన్ గంట కొట్టింది.

అసిరమ్మ బండి ఆపి, వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఆరువేలు అయిపోనాయి బాబూ, ఇంక అడుగెయ్యకండి. ఈయన్ని దించేసొచ్చి, రెండో తిరుగులో మిమ్మల్ని ఎక్కిస్తాను."