పిడి మీద నాలుగు వేళ్ళు

నదీతీర రాజ్యంలో నూకాలు అనే బెస్త స్త్రీ, తండ్రి విడిచిపోయిన గాలపు కర్రతోనే పొట్ట పోసుకునేది. ఒకనాడు భాండారాధికారి దాన్ని లాక్కున్నాడు.

"ఇది మహారాజుగారి తాతగారి కర్ర. పిడి అరుగుదలే సాక్ష్యం!" అని సభలో ప్రకటించాడు.

వెంటే సభకు వచ్చిన నూకాలుకు ఒళ్ళు మండింది. "బాగా చూశారా, బాబూ?"

"ముప్పయ్యేళ్ళుగా పాతవస్తువులను పోల్చుతున్నవాణ్ణి! ఈ గుంటలు ఆ ప్రభువు వేళ్ళు పడ్డవే."

"అయితే లెక్కపెట్టండి. బొటనవేలితో కలిపి నాలుగే ఉన్నాయి. మా అయ్య చిటికెనవేలిని తాబేలు కొరికేసింది. పెద్ద మహారాజుగారి వేలిని ఎవరు కొరికారో, నిండుసభలో తమరే సెలవియ్యండి!"

మహారాజు కళ్ళెర్రజేసి అధికారి వైపు తిరిగాడు. అధికారి కర్రను తిరిగిచ్చాడు.

నూకాలు దండం పెట్టలేదు. కర్ర భుజాన వేసుకుని ఏటివైపు నడిచింది.