సంకటిలో వెలసిన తెడ్డులింగేశ్వరుడు

ఎర్రవంక ఒడ్డున, గొడుగుమిట్ట మీద శ్రీ తెడ్డులింగేశ్వరస్వామివారు వెలసి ఉన్నారు. సంకటి ముద్దలాంటి నల్లరాయి, దాని నడినెత్తిన నిటారుగా నిలిచిన చేవకర్ర తెడ్డు, తెడ్డుకు మూడు విభూతి రేఖలు. ఇదే స్వామివారి మూర్తి. మా అవ్వ కాలంలో ఆ తెడ్డు మోకాలెత్తు. ఇప్పుడు కొన చూడాలంటే మెడ పట్టేస్తుంది.

‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న మాట వినని తెలుగువారు లేరు. ఆటోల వెనక రాస్తారు. సినిమాలో హీరో చొక్కా చేతులు మడిచి ఇదే అంటాడు, హాలు పైకప్పు లేచిపోతుంది. డిపాజిట్టు పోయే అభ్యర్థీ, పుస్తకం తెరవకుండా పరీక్షకు పోయేవాడూ, పెళ్లిపందిరి నుంచి గోడ దూకే పిల్లా ఇదే అంటారు. అందరికీ అదొక లెక్కలేనితనం. కానీ ఈ మాట పుట్టిననాడు దాని మీద ఒక వంటమనిషి చెయ్యి పందెంగా ఉన్నది.

పూర్వం ఇక్కడ గుమ్మరాయుడనే పాళెగాడు కోట కట్టిస్తూ ఉండేవాడు. పన్నెండేళ్లుగా వాన లేదు. మబ్బులు కూడా మొహం చెల్లక ఊరి చుట్టూ తిరిగి పోయేవి. ముద్ద సంకటి కోసం ఏడూళ్ల జనం రాళ్లు మోసేవారు. వారికి వండి పెట్టేది తిప్పక్క. ఏనుగు జలకమాడదగిన మట్టి బానలో ఆమె తెడ్డు తిప్పితే, అక్కడ ఎండిన వంకలో దుమ్ము సుళ్లు లేచేవి. గుడిలో లింగానికి నివేదన కానిదే ఎవరూ ముద్ద ముట్టరాదని ఆనాటి ఆచారం.

ఒకనాడు రాయుడు ఆ ఆచారాన్నే కొరడా చేసుకున్నాడు. గుడికి తాళం వేయించి, తాళంచెవి మొలలో దోపుకొని, “కోటగోడ లేస్తేనే గుడి తెరుస్తా. నైవేద్యం కాని ముద్ద పెట్టిన చెయ్యి నరుకుతా” అని చాటించి వేటకు పోయాడు. ఎంత తొందరపడినా ఆ గోడ మూడు రోజుల పని. మధ్యాహ్నానికి బాన నిండా సంకటి పొగలు కక్కుతున్నది. జనం చుట్టూ కూర్చొని వాసన మింగుతున్నారు. నెలలు నిండిన ఓబక్క అనే కూలిమనిషి అప్పుడే మోసుకొచ్చిన రాయి వదిలేసి కూలబడింది.

అది చూసి తిప్పక్క లేచింది. తెడ్డును సంకటి నడుమ నిలువునా గుచ్చింది. పొయ్యి బూడిదతో దానికి మూడు గీతలు గీసింది.

“ఇదో, సామి వచ్చినాడు. తిన్నాడు. ఇంక మీరు తినండి.”

“అక్కా, నీ చెయ్యి పోతాది!” అన్నది ఓబక్క.

“పోతే ఎడమచేత్తో కెలుకుతా. ముందు నువ్వు నోరు తెరువు.”

జనం తిని చేతులు కడుగుతుండగా రాయుడు తిరిగి వచ్చాడు.

“ఏమే, తెగించినదానికి తెడ్డే లింగమా?”

“అవును దొరా. నువ్వు తాళమేసిన సామి పస్తుండాడు. ఈ సామి మాతో కూర్చొని తిన్నాడు.”

“అయితే పెరుకుతా. ఊడివస్తే నీ చెయ్యి నాది.”

“రాకపోతే?”

రాయుడు రెండు చేతులా తెడ్డు పట్టుకొని లాగాడు. కదలలేదు. నలభైమంది భటులు లాగారు. తొమ్మిది ఏనుగులు లాగాయి. పదోది సంగతి గ్రహించి ముందే కూర్చున్నది. చివరకు బాన ఫెళ్లున పగిలింది. లోపల మిగిలిన సంకటి తెడ్డుతో సహా నల్లరాయి అయి నిలిచింది.

పొద్దు వాలింది. లాగి లాగి అలసిన రాయుడి కడుపు మూలిగితే మూడు కోసుల అవతల కుక్కలు మొరిగాయట. తిప్పక్క బాన పెంకులకు అంటిన మాడు గీకి దోసిట్లో పోసింది. “కూర్చో దొరా. అందరూ తిన్నారు, నీకు ఇదే మిగిలింది.” రాయుడు నేల మీద కూర్చొని తిన్నాడు. తిని తాళంచెవి ఆమె ముందు పెట్టాడు. తిప్పక్క దాన్ని ముట్టుకోలేదు. గుడి తలుపులే పీకించి మరునాటి వంటకు పొయ్యిలో పెట్టింది.

నేటికీ ఈ క్షేత్రంలో ముందు జనం పంక్తిలో కూర్చొని తింటారు. తరువాతే స్వామికి నివేదన, అదీ అడుగంటిన మాడు. ఆ ప్రసాదం నమిలినవారికి అధికారి భయం, అత్తగారి భయం, అప్పుడప్పుడు యముడి భయం తొలగిపోతాయి. పళ్లు మాత్రం ఎవరివి వారే చూసుకోవాలి. ఇక్కడి పూజారి గోత్రనామాలు అడగరు. “తిన్నారా?” అని మాత్రం అడుగుతారు. ఉపవాసంతో వచ్చినవారు ఎంతటివారైనా సరే, దర్శనం లేదు.