ఉప్పు కింద పాలవాసన

ఒకప్పుడు కుక్క ఇలా ఉండేది కాదర్రా. ఇప్పుడంటే మొహం తెలియని మనిషొచ్చినా ఎదురెళ్ళి చేతులు నాకుతోంది గానీ, ఆ రోజుల్లో కొత్త మనిషి నీడ పడితే చాలు, మీదికి దూకేది.

అప్పట్లో అంకమ్మ అని మేకలు కాచుకునే ఆమె ఉండేది. మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా పది మేకలు, పులిగాడనే కుక్క. ఆమె చేతులు ఎప్పుడూ మేకపాల వాసన వేసేవి. ఆ చేత్తో చెవుల వెనక గోకితే పులిగాడికి హాయిగా కళ్ళు మూతలు పడేవి.

ఒకసారి మూడేళ్ళు వాన చుక్క పడలేదు. మేకలు ఒక్కొక్కటే పోయాయి. అంకమ్మ పులిగాడిని దగ్గరికి తీసుకుంది.

"సముద్రం ఒడ్డున ఉప్పు తీసే పని ఉందటరా. నాలుగు గింజలు సంపాదించుకుని వస్తా. నేనొచ్చేదాకా ఎవర్నీ గడప తొక్కనియ్యకు."

"నువ్వు రాకపోతే?"

"రాకుండా ఎక్కడికి పోతాన్రా, పిచ్చోడా."

పులిగాడు మాట తప్పలేదు. ఎలకల్ని పట్టుకు తింటూ గడప దగ్గరే ఉండిపోయాడు. సముద్రం వైపు నుంచి గాలి వస్తే, "మా అంకమ్మ కనబడిందా?" అని అడిగేవాడు.

"అక్కడ అందరిదీ ఉప్పు వాసనేరా. ఎవరు ఎవరో నాకేం తెలుసు," అని గాలి తన దారిన పోయేది.

పులిగాడికి బెంగ పట్టుకుంది. ఆ చెయ్యి ఒక్కసారి తల మీద పడితే చాలనిపించేది.

రెండేళ్ళ తర్వాత మిట్టమధ్యాహ్నం ఒకామె వచ్చింది. ఎండకి కమిలిపోయిన మొహం, ఉప్పుగాలికి బొంగురుపోయిన గొంతు. "పులీ, నేన్రా," అంటూ గడప మీద చెయ్యి వేసింది.

పులిగాడు ఎగిరి దూకాడు. ఆమె కొంగు చిరిగింది.

"నేను అంకమ్మనిరా."

"మా అంకమ్మ చేతులు పాలవాసన వేస్తాయి. నీవి ఉప్పు. అబద్ధాలు చెప్పకుండా పో."

పొద్దు వాలేదాకా బతిమాలింది. చివరికి తన చెయ్యి తనే వాసన చూసుకుంది. నిజమే, ఉప్పే. "నీ తప్పేం లేదులే నాయనా," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళిందో లేదో, ఇటు వాన మొదలైంది. గడప తడిసింది. ఆమె చెయ్యి పెట్టిన చోట ఉప్పు కరిగిపోయింది. కింద నుంచి మేకపాల వాసన లేచింది.

పులిగాడు ఒక్క పరుగున వీధిలోకి వెళ్ళాడు. అడుగుజాడలు నీళ్ళలో చెరిగిపోతున్నాయి.

"వానా, కాస్త ఆగు. మా అంకమ్మ ఎటు పోయిందో చూసుకోవాలి."

"ఇన్నేళ్ళు మోసింది ఇప్పుడే దింపుకుంటున్నానురా. ఆగడం నా వల్ల కాదు," అంది వాన. దానికీ ఏడుపొచ్చింది గానీ, వాన ఏడిస్తే ఏం లాభం, నేల ఇంకాస్త తడుస్తుంది అంతే.

వాన వెలిసేసరికి జాడ ఒక్కటీ మిగల్లేదు.

అప్పటినుంచే పెంపుడు కుక్క కొత్తవాళ్ళొస్తే తోకాడిస్తూ ఎదురెళుతుంది. మన చేతుల మీద చెమట ఉప్పు ఉంటుంది కదా, అదంతా పోయేదాకా నాకి నాకి, కింద పాలవాసన ఉందేమోనని చూస్తుంది. మీరు చెయ్యి వెనక్కి లాక్కోకండి. కాసేపటికి అదే వదిలేసి, మీ వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని వీధి వంక చూస్తుంది.