కుమ్మరి పెళ్ళాం ఉత్తరం

వెనకటికి ఒక రాజుగారికి, జనం ఒకరికొకరు ఏం రాసుకుంటున్నారోనని ఒకటే గుబులు. అందుకని కోట గుమ్మంలో కేతప్ప అనే అధికారిని కూర్చోబెట్టాడు. వచ్చేపోయే ప్రతి ఉత్తరం లక్క ముద్ర పగలగొట్టి చదవడమే అతని పని. ఉత్తరంలో రాజుగారిని వేళాకోళం చేసినందుకు కిందటి నెల ఒక కుమ్మరి తల పోయింది. ఆ ఉత్తరం మోసుకొచ్చిన గవరయ్యకు ఆనాటి నుంచి అన్నం సయించలేదు.

ఈసారి సంచి దించుతూ గవరయ్య అన్నాడు: "అయ్యా, ఇందులో ఒకటి జాగ్రత్త. కుమ్మరి పెళ్ళాం మొగుడికి రాసింది."

కేతప్ప నవ్వబోయాడు. "చచ్చినవాడికి ఎలా చేరుస్తావురా?"

"శ్మశానం వాకిట్లో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేస్తానయ్యా. విప్పనివాడికి అంతే పని. లక్క పగలగొట్టినవాడు మాత్రం స్వయంగా వెళ్ళి ఆ చచ్చినవాడి చేతికివ్వాలి. అది మా ఉత్తరాలు మోసేవాళ్ళ కట్టుబాటు."

సంచిలో పెట్టిన కేతప్ప చేయి ఆగిపోయింది. గాలి లేకపోయినా లోపల ఒక తాటాకు ఉత్తరం గరగరలాడింది. గవరయ్యకే ఒళ్ళు జలదరించింది.

"ఏది అది? తీసి పక్కన పెట్టు!"

"ఏది ఎవరిదో మేం బయటికి చెప్పకూడదయ్యా. విప్పితే మీకే తెలుస్తుంది."

కేతప్ప మెల్లగా చేయి తీసి, సంచిని కాలితో అవతలికి నెట్టాడు. "పో. ఇవాళ్టికి చూడను."

గవరయ్య సంచి భుజాన వేసుకున్నాడు.

"రేపూ చూడకండయ్యా. ఆవిడ రోజుకొకటి రాస్తానంది."