ఏటిగట్టు పప్పు

అనగనగా ఓ కోట ఊళ్లో పేరిశెట్టిది పెద్ద కొట్టు. పేదోళ్లు మాత్రం ఏటిగట్టు సంతకే పోయేవాళ్లు. పడవల్లో నలిగి విరిగిన పప్పు, నూకలు అక్కడ సగం ధరకే దొరికేవి. బట్టలుతికే గున్నమ్మ ఇద్దరు మనవరాళ్లకి రెండు పూటలా పెడుతోందంటే ఆ సంత దయే.

శెట్టికి ఒళ్లు మండింది. రాజు దగ్గరికెళ్లి, "ప్రభూ, అదంతా విషం! తింటే జనం చస్తారు. సంత ఎత్తేసి, సరుకు నా కొట్టుకి తోలించండి, నేనే పారబోయిస్తా" అన్నాడు. రాజు నమ్మేశాడు.

మర్నాడు సంతలో, రాజూ శెట్టీ చూస్తుండగా, భటులు బస్తాలు బండికెత్తడం గున్నమ్మ చూసింది. రేపు పిల్లలకేం పెట్టాలి? కళ్లు తుడుచుకుని ముందుకెళ్లింది.

"దొరా, విషమైతే తీసుకుపోండి, నేనూ వద్దనను. కానీ దారిలో బస్తా చిరిగితే ఏ పిల్లలో ఏరుకుని తింటారు. ఇక్కడే వేపనూనె కుమ్మరించేయండి."

రాజుకి సబబే అనిపించింది. భటుడు నూనె కుండ తెచ్చి వంచబోయాడు.

"ఆగరా!" అంటూ శెట్టి బస్తా మీద పడిపోయాడు. "బంగారంలాంటి పప్పురా, పాడైపోద్ది!"

"విషం పాడైపోవడమేంటి, శెట్టీ?" అని రాజు బస్తాలు దింపమన్నాడు.

గున్నమ్మ కొంగులో పప్పు పోయించుకుంది.

"మాకూ అది బంగారమే, శెట్టిగారూ" అని మెల్లగా ఇంటికి నడిచింది.