సింగడు దించుకున్న దారి

ఎర్రగుట్టల అవతల చింతమడుగు అనే అడవి ఉంది. అందులో ఎలుగుబంట్లు, నెమళ్ళు, కొండముచ్చులు, వాగుల్లో నీటికుక్కలు కలిసిమెలిసి బతికేవి. పిల్లలందరికీ ఒకటే బడి. ఆ బడికి ఏదుపంది మాస్టారు. కోపం వస్తే ఆయన ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేవి. అందుకే పిల్లలు ఆయన్ని ముళ్ళ మాస్టారు అనేవాళ్ళు, ఆయనకి వినపడకుండా.

బడి పక్కన నున్నటి పెద్ద బండ ఒకటి ఉండేది. పిల్లలు తమ బొమ్మలన్నీ ఎర్రమట్టితో దాని మీదే వేసేవాళ్ళు. అటుగా వెళ్ళే ప్రతి ప్రాణీ ఆగి చూసేది. వేసినవాళ్ళు బొమ్మ కింద తమ పాదం ముద్ర వేయాలి. ఎవరికైనా ఆ బొమ్మ కావాలంటే వాళ్ళని అడిగి, చూసి మరోచోట దించుకోవాలి. కింద వాళ్ళ ముద్ర కూడా దించాలి. అదీ ఆ బడి పద్ధతి.

"రేపు బొమ్మలో ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియాలి కదర్రా!" అనేవారు మాస్టారు. వింటేగా! పిల్లలకి అదంతా ముసలాయన చాదస్తంలా ఉండేది.

"బండ మీద పెట్టాక అది అందరిదీ. మళ్ళీ అడగడం దేనికి?" అనేవాడు సింగడు. సింగడు కొండముచ్చు పిల్ల. రంగులు కలపడంలో దిట్ట. కానీ సొంతంగా ఆలోచించాలంటే మాత్రం వాడికి మహా బద్ధకం.

పోనీ, తన మాట మీద తనైనా నిలబడ్డాడా అంటే అదీ లేదు. ఒకసారి ఎలుగుపిల్ల వాడు వేసిన మోదుగపువ్వును చెప్పకుండా దించుకుంది. "దొంగా! అది నాది!" అని సింగడు దాని చెవి మెలేశాడు. ఎదుటివాళ్ళదేమో అందరిదీ, తనది మాత్రం తనదే. చూశారా వాడి న్యాయం!

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులన్నీ ఎండిపోయి, ఊబికి అవతల ఒక్క ఊట మాత్రం మిగిలింది. ఊబి అంటే పైకి గట్టినేలలా కనిపించే బురద. కాలు పెడితే మింగేస్తుంది. అక్కడ చెట్లు కూడా లేవు. కొండముచ్చులైనా సరే, నడిచే పోవాలి.

నీటికుక్క పిల్ల తుంగకి ఆ ఊబి కొట్టినపిండి. పొట్ట మీద పాకుతూ, ఎక్కడ నేల గట్టిగా ఉందో తడిమి తడిమి చూసింది. అలా కనిపెట్టిన దారిని బండ మీద గీసి, కింద తన ముద్ర వేసింది.

"అందరూ వాడుకోండి. దించుకుంటే మాత్రం నాకో మాట చెప్పండి" అంది.

ఎలుగులు, నెమళ్ళు చెప్పే దించుకున్నాయి. సింగడు చెప్పలేదు. తమ గుంపు ఉండే చోట ఒక రాతి మీద ఆ దారిని దించి, చుట్టూ పసుపుపచ్చని పూలు, తీగలు చేర్చాడు. తుంగ ముద్ర వదిలేసి, ఆ చోట తన అరచెయ్యి అచ్చు వేశాడు.

"మా సింగడు ఎంత తెలివైనవాడో!" అని తల్లి మురిసిపోయింది. అంతకంటే ఎక్కువ మురిసింది వాడి చెల్లెలు బొమ్మి. కనిపించినవాళ్ళందరికీ "ఈ దారి మా అన్నయ్యే కనిపెట్టాడు" అని చెప్పుకుంటూ తిరిగింది. ఆ పిచ్చితల్లికి అన్నయ్యంటే అంత ప్రాణం.

కొన్నాళ్ళు అందరూ ఆ దారినే వెళ్ళి నీళ్ళు తాగి వచ్చారు. తర్వాత ఒక వడగళ్ళ వాన పడింది. ఆ నీళ్ళు ఇట్టే ఇంకిపోయాయి గానీ, ఊబిలో బురద కదిలిపోయింది. గట్టిగా ఉన్న నేల మెత్తబడింది. తుంగ అది కనిపెట్టి, పరుగున వచ్చి బండ మీద దారి మార్చింది. దించుకున్నామని చెప్పిన వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి దిద్దించింది. ఎందుకో అనుమానం వచ్చి సింగణ్ణి కూడా అడిగింది.

"సింగా, నా దారి నువ్వేమైనా దించుకున్నావా? మధ్యలో మలుపు మారింది."

"నీది నాకెందుకు? నాది నాకుంది."

"నిజం చెప్పు. పాత దారిన వెళ్తే మునిగిపోతారు."

"చెప్పాగా! ఊరికే విసిగించకు" అని సింగడు ముఖం తిప్పుకున్నాడు.

ఒక్క మాట ఒప్పుకుంటే ఏం పోయేది? పొగిడినవాళ్ళే నవ్వుతారని వాడి భయం. ఎవరూ లేనప్పుడు బండ చూసొచ్చి మెల్లగా దిద్దేద్దాంలే అనుకున్నాడు. అంతలో స్నేహితులు ఆటకి పిలిచారు. వెళ్ళిపోయాడు.

అదే మధ్యాహ్నం బొమ్మికి దాహం వేసింది. పెద్దవాళ్ళంతా ఎండకి కునుకు తీస్తున్నారు. రాతి మీద దారిని మరోసారి చూసుకుని ఒక్కతే బయలుదేరింది. అన్నయ్య వేసిన దారి కదా, భయమేముంది?

మలుపు దగ్గర ఒక కాలు దిగబడింది. రెండోది వేసింది. అదీ దిగబడింది. "అమ్మా! అన్నయ్యా!" అని అరిచింది.

ఆ కేక విని తుంగ ఊబిలోకి పాకింది. బొమ్మి చెయ్యి పట్టుకుని లాగింది. అయ్యో, అది మాత్రం ఎంతని లాగుతుంది? బురద బొమ్మి మెడ దాకా వచ్చింది. తర్వాత కేకలు ఆగిపోయాయి. కొండముచ్చులు వచ్చేసరికి తుంగ ఒక్కతే గట్టున కూర్చుని ఏడుస్తోంది.

తల్లి గుండెలు బాదుకుంది. "ఇది మంచి దారే కదా! నా కొడుకు కనిపెట్టిన దారి కదా!"

సింగడు తల్లి దగ్గరికి వచ్చాడు. "నేను కనిపెట్టలేదమ్మా. తుంగ కనిపెట్టింది. వాన పడ్డాక మలుపు మారిందట."

"మరి దారి మారిందని తుంగ మనకెందుకు చెప్పలేదు?"

"నన్ను అడిగింది. నేను దించుకోలేదని చెప్పాను."

తల్లి వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు నీదన్నావు. నీ చెల్లెలు నమ్మింది" అంది. ఆ తర్వాత వాడితో మాట్లాడటం మానేసింది.

తుంగ ఇప్పటికీ ఊబిని తడిమి చూస్తూనే ఉంది. అడవి మొత్తం ఆ పిల్ల వేసిన దారినే నడుస్తోంది. సింగడు మాత్రం మళ్ళీ రంగు ముట్టలేదు. నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఆ మలుపు దగ్గర ఆగిపోతాడు. గుంపులో ఎవరూ వాడి కోసం ఆగరు.

నీతి: ఇతరులు చేసినదాన్ని అడిగి, వాళ్ళ పేరుతోనే వాడుకోవాలి. వాళ్ళ పేరు చెరిపేసి మనదని చెప్పుకుంటే, అందులోని తప్పు దిద్దేవాళ్ళు మన దాకా రాలేరు.